పక్కింటి ప్లాన్ మీ చేతికొస్తే

పక్కింటివాళ్ళు మేడ మీద రెండు గదులు వేసుకుంటామని చెప్పడానికొచ్చినప్పుడు రెండు మాటలు మాత్రం నోరు జారకండి. ఒకటి, "మాకేం అభ్యంతరం లేదు." రెండోది, "ఎలా కడతారో చూస్తాం." ప్లాన్ కాపీ ఒకటి ఇమ్మనండి, చూసి చెప్తానని కాఫీ ఇచ్చి పంపండి. నేను ఒడిశాలోని మన బరంపురంలో ఇళ్ళ ప్లాన్లు గీసి బతికినవాణ్ణి. కట్టేవాళ్ళ తరఫునా మాట్లాడాను, పక్కింటివాళ్ళ తరఫునా మాట్లాడాను. కాయితం మీదున్న గోడని రబ్బరు పెట్టి జరపొచ్చు. పిల్లర్లకి ఇనుము కట్టాక అడుగు జరపమంటే సొంత తమ్ముడైనా వినడు.

ప్లాన్లు మంజూరు చేసే డెవలప్‌మెంట్ అథారిటీ వాళ్ళు మామూలు ఇంటి ప్లాన్ కోసం మీ తలుపు తట్టి అభిప్రాయం అడుగుతారని కూర్చోకండి. అడగాల్సింది మీరే.

ముందు హద్దు. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో మీ ఖాతా నంబరు, ప్లాట్ నంబరు కొడితే పట్టా వివరాలు కనిపిస్తాయి. మీదీ వాళ్ళదీ రెండూ తీసి, ప్లాన్‌లో రాసిన కొలతలతో పోల్చండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన బావమరిది పక్కనుంటే గుంట లెక్క అతనికి వదలకండి. ఇక్కడ గుంట అంటే ఎకరంలో ఇరవై ఐదో వంతు, అంటే 4 డెసిమల్. తెలుగు రాష్ట్రాల్లో గుంట ఎకరంలో నలభయ్యో వంతు. డెసిమల్ మాత్రం మన సెంటే, 435.6 చదరపు అడుగులు. హద్దు మీదే అనుమానముంటే తహసీల్దారుకి అర్జీ పెట్టి అమీన్ చేత, అంటే సర్వేయరు చేత, కొలిపించుకోవాలి. పునాది తవ్వకముందే ఆ పని అయిపోవాలి.

మన పాత వీధుల్లో అసలు చిక్కంతా మధ్యగోడ దగ్గరే. అరుగు నుంచి పెరటిదాకా రైలుపెట్టెల్లా వరసగా ఇళ్ళు, రెండిళ్ళకీ ఒకటే గోడ. సున్నంతో కట్టిన ఆ గోడ మీద కొత్త స్లాబ్ బరువు వెయ్యనివ్వొద్దు. "మీ పిల్లర్లు మీ స్థలంలో లేపండి, గోడని ముట్టుకోకండి" అని గట్టిగా చెప్పండి. పునాది గుంత గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు, ముక్కలు ముక్కలుగా తవ్వి నింపుకుంటూ పోవాలి. వానాకాలంలో అయితే మరీను. మంచి మేస్త్రీకి ఇది చెప్పక్కర్లేదు, కానీ మంచి మేస్త్రీయే వస్తాడని రాసిపెట్టి లేదు కదా.

పని మొదలవకముందే మీ ఇంట్లో ఉన్న బీటలన్నిటికీ ఫోటోలు తీయండి. ప్రతి బీట ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వెయ్యండి. బీట గీత దాటితే ఎవరితోనూ వాదించే పనుండదు, గోడే చూపిస్తుంది. పక్కింటాయన్ని కూడా పిలిచి చూపించండి. రేపు "ఇది పాతదే" అనడానికి వీల్లేకుండా పోతుంది.

ఇక వెలుతురు. దేవాంగుల ఇంటి ఆవిడ ఒకరు నా దగ్గరకొచ్చారు. గుంటమగ్గం మీద పట్టు నేస్తారు, కుడిపక్క కిటికీలోంచి వచ్చే వెలుగులోనే పోగులు కనబడాలి. దక్షిణంవైపు పక్కింటి కుర్రాడు పదడుగుల మేడ లేపుతానన్నాడు. "లైటు వేసుకుంటాలే, ఏటి సేస్తాం మావయ్యా" అన్నారావిడ. నేను లెక్క వేసి చూపించాను. మన ఊరి అక్షాంశం దగ్గర డిసెంబరు ఆఖర్న మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు సుమారు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పదడుగులు పెరిగిన గోడ తొమ్మిదడుగుల పైచిలుకు నీడ అదనంగా పడేస్తుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగు. మే నెల మధ్యాహ్నం చూసి "నీడే లేదు కదా" అంటే నమ్మకండి, అప్పుడు సూర్యుడు నడినెత్తినుంటాడు. ఆ కుర్రాడు ఒడియావాడు, ఆవిడని మాఉసీ, అంటే పిన్ని, అని పిలుస్తాడు. వాళ్ళ డాబా మీద అంత ఎత్తు వెదురు బొంగు నిలబెట్టించి నీడ ఎక్కడ పడుతుందో ముగ్గురం కలిసి చూశాం. పైగదిని నాలుగడుగులు వెనక్కి జరిపి, ముందు భాగం ఖాళీ డాబాగా వదిలేశాడు. గది కాస్త చిన్నదైంది, మగ్గం ఆగలేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట్నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది, మన గంజాం జిల్లా 1936 దాకా అందులోదే. ఒక కిటికీ గుండా గాలీ వెలుతురూ అడ్డు లేకుండా, తగువు లేకుండా 20 ఏళ్ళు వాడుకుంటే దానికి హక్కు పుడుతుంది. అడ్డం వచ్చాక రెండేళ్ళలోపు కోర్టుకి వెళ్ళాలి. అయితే కొంచెం మసక పడిందని కేసు నిలవదు, నష్టం గట్టిగా కనబడాలి. కిటికీలోంచి గుడి గోపురం కనిపించేది, ఇప్పుడు కనబడదు అంటే జడ్జి వినడు. దృశ్యం మీద ఎవరికీ హక్కు లేదు.

నీళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. సజ్జ గానీ, చూరు గానీ, పైప్ మూతి గానీ మీ హద్దులోకి రాకూడదు. వాళ్ళ డాబా నీళ్ళు వాళ్ళ వైపే దిగాలి. సెప్టిక్ ట్యాంక్ మీ బావికి, బోరుకి ఎంత దూరమో ప్లాన్‌లో చూడండి. పైన రేకుల షెడ్డు వేస్తామంటే బిగింపు ఎలాగో అడగండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తున్నవాళ్ళెవరూ ఈ ప్రశ్నని వింతగా చూడరు.

సంతకం అడుగుతారు. ఖాళీ స్టాంపు కాయితం మీద గానీ, "ఏ అభ్యంతరమూ లేదు" అన్న ఒక్క వాక్యం మీద గానీ పెట్టకండి. ఇలా రాయించండి: "ఫలానా తేదీ ప్లాన్ ప్రకారం, పైగది ఉత్తరం గోడ నాలుగడుగులు వెనక్కి ఉండేలా, మధ్యగోడ మీద బరువు వెయ్యకుండా, వాననీరు తమ స్థలంలోనే దింపుకునేలా కట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నా గోడకి నష్టం జరిగితే బాగుచేయించే బాధ్యత కట్టేవారిదే." ప్లాన్ కాపీ మీద ఇద్దరూ సంతకాలు చేసి దీనికి జత చెయ్యండి.

మాట వినకపోతే అథారిటీకి ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ అర్జీ ఇవ్వండి. మనకి తెలుగే హాయి, కానీ గుమాస్తా చేతిలో ఆగిపోకూడదు కదా. "అన్యాయం జరుగుతోంది" అని రాసిన అర్జీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. "మంజూరైన ప్లాన్‌లో తూర్పున వదలాల్సిన జాగాలో గోడ లేస్తోంది, ఫోటో జతచేశాను" అని రాస్తే ఎవరో ఒకరు టేపు పట్టుకుని వస్తారు. మీ కాపీ మీద రిసీవ్డ్ ముద్ర, డైరీ నంబరు వేయించుకోండి. మంజూరైన ప్లాన్ చూపించకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) ఉంది. ఫారం-ఎ నింపి పది రూపాయల ఫీజు కట్టాలి, 30 రోజుల్లో జవాబు రావాలి. పని ఆగకుండా సాగిపోతుంటే వకీలుతో మాట్లాడి కోర్టులో ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, అడగాలి, స్లాబ్ పడ్డాక వెళ్తే బలం తగ్గుతుంది. ఆడవాళ్ళకి జిల్లా న్యాయ సేవల సంస్థ ఆదాయం చూడకుండా ఉచితంగా వకీలునిస్తుంది.

చివర్లో వాళ్ళకి మీతో ఒక అవసరం తప్పకుండా పడుతుంది. బయటి గోడకి ప్లాస్టరింగ్ చెయ్యాలంటే పరంజా మీ పెరట్లోనే కట్టాలి. కాదనకండి, లేకపోతే ప్లాస్టరింగ్ లేని ఆ ఇటుకల నెమ్ము మీ వైపే దిగుతుంది. కాకపోతే ఆ రోజు డాబా పైప్ మూతి అటువైపు తిప్పారో లేదో చూసుకుని, తర్వాతే పెరటి తలుపు తియ్యండి.