చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? సెన్సార్ కొనేముందు వైరు చూడండి

మీటర్ బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగగానే మనం షెడ్డుకు పోయి స్కానర్ పెట్టిస్తాం. అందులో ‘కూలెంట్ టెంపరేచర్ సెన్సార్’ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల వేడి చూసేది) అని రాగానే ఆ సెన్సార్ తెప్పించి వేస్తారు. రెండు రోజులకు లైట్ మళ్లీ వస్తుంది. ఇంకో సెన్సార్ వేస్తారు. అప్పటికీ పోకపోతే ‘కంప్యూటర్ పోయినట్టుంది సార్’ అనే మాట వస్తుంది, అక్కడి నుంచి ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

నిజానికి సెన్సార్ పోయిందని స్కానర్ చెప్పదు. ఆ సర్క్యూట్ నుంచి ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు, వస్తున్న లెక్క కుదరట్లేదని మాత్రమే చెబుతుంది. తప్పు సెన్సార్‌లో ఉండొచ్చు. కప్లర్‌లో (వైర్లను సెన్సార్‌కు కలిపే ప్లాస్టిక్ కనెక్టర్), వైరులో, ఎర్త్‌లో (కరెంట్ బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి), చివరికి బ్యాటరీలో కూడా ఉండొచ్చు. ఎక్కడుందో తేల్చాల్సింది వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్.

మన దిక్కు వైరింగ్ మీద అనుమానం ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ లాంటి చోట్ల రైస్ మిల్లుల పక్కన, వడ్ల కుప్పల పక్కన రాత్రిళ్లు ఆగే బండ్లలో ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. మహబూబ్‌నగర్ వైపు ఎర్రమట్టి దుమ్ము పట్టిందని ‘వాటర్ సర్వీసింగ్’ చేయిస్తే ప్రెషర్ గన్ నీళ్లు నేరుగా కప్లర్లలోకి పోతాయి. మే నెల ఎండకు బానెట్ కింద ప్లాస్టిక్ పెళుసైపోయి కప్లర్ లాకులు విరిగిపోతాయి.

ఏమేం కావాలి

ఒక డిజిటల్ మల్టీమీటర్, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ స్కానర్ (ఈసీయూ దాచిపెట్టిన తప్పుల నంబర్లు, అంటే కోడ్లు, చదివేది). మామూలు రకాలైతే రెండూ విడివిడిగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. వీటితో పాటు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, రెండు సన్నటి గుండు పిన్నులు, ఒక జానెడు వైరు ముక్క ఉంటే చాలు.

స్కానర్ కొనేముందు మీ బండి ఏ కాలానిదో చూసుకోండి. 2010 ఏప్రిల్‌లో బీఎస్4 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) వచ్చినప్పుడు అది హైదరాబాద్ లాంటి కొన్ని నగరాలకే పరిమితం. దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. అందుకే 2014లో నల్గొండలో రిజిస్టరైన బండి బీఎస్3 అయ్యే అవకాశం ఉంది, దానికి ఈ చిన్న స్కానర్ పలకకపోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లతో ఆ ఇబ్బంది లేదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చడమే. బీఎస్6 బైకులకు మాత్రం సాధారణంగా ఆరు పిన్నుల కప్లర్ వస్తుంది, విడిగా అడాప్టర్ కావాలి.

పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మీటర్ పెట్టకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలే పోవద్దు, అవి ప్రాణాలు తీసే వోల్టేజీవి. ఇంకో మాట. ఈసీయూకు పోయే వైర్లకు బల్బు టెస్టర్ పెట్టకూడదు. బల్బు లాగే కరెంట్‌కు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. డిజిటల్ మీటర్‌తో ఆ భయం లేదు.

మొదట బ్యాటరీ, ఎర్త్

బ్యాటరీ సరిగ్గా లేకపోతే ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్లు గుంపుగా వస్తాయి. అందుకే స్కానర్ కంటే ముందు మీటర్ తీయండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే ఫుల్ చార్జ్, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమో దిక్కు చూడాలి. కొత్త బండ్లలో కంప్యూటరే చార్జింగ్‌ను తగ్గించి పెంచుతుంటుంది, కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఇంకోసారి చూడండి.

ఎర్త్‌ను చాలామంది చూడరు. మీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ గుంజకు, ఇంకోటి ఇంజిన్ మీద తుప్పులేని లోహానికి ఆనించి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టుల లోపు వస్తే ఫర్వాలేదు. అర వోల్టు దాటితే ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీకి పోయే ఎర్త్ పట్టీలో తుప్పో, లూజో ఉంది. పట్టీ విప్పి, సాండ్‌పేపర్‌తో రుద్ది బిగిస్తే పది రూపాయల పనితో నాలుగు కోడ్లు పోయిన సందర్భాలున్నాయి.

కోడ్‌ను పూర్తిగా చదవండి

పి0118 అని వస్తే ఫోన్‌లో మొదటి వరుస చూసి ఆగిపోవద్దు. చివరి వరకు చదివితే ‘సర్క్యూట్ హై’ అని ఉంటుంది. పి0117 అయితే ‘సర్క్యూట్ లో’. పి0116 అయితే ‘రేంజ్/పర్ఫార్మెన్స్’. మూడూ ఒకే కూలెంట్ సెన్సార్‌వే అయినా చూడాల్సిన చోట్లు వేరు. హై, లో అని వస్తే ముందు వైర్లు చూడాలి. రేంజ్ అని వస్తే వైరింగ్ బాగానే ఉండి, సెన్సార్ చెప్పే లెక్క మీద కంప్యూటర్‌కు నమ్మకం కుదరట్లేదన్న మాట.

నల్గొండ బోరు నీళ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. రేడియేటర్‌కు దెబ్బ మాత్రం ఆ నీళ్లలోని సున్నంతోనే. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండిలో టెంపరేచర్ సెన్సార్ మొనకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఇంజిన్ వేడెక్కినా సెన్సార్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. అలాంటప్పుడు వైర్లు ఎంత వెతికినా ఏమీ దొరకదు. సెన్సార్ విప్పి మొన చూస్తేనే బయటపడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి.

కోడ్‌తో పాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అనే పేజీ కూడా చూడండి. తప్పు వచ్చిన క్షణంలో స్పీడ్ ఎంత, వేడి ఎంత, ఇంజిన్ ఎన్ని ఆర్పీఎం మీద ఉంది అన్నీ అందులో ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసుకోకుండా కోడ్ చెరిపేస్తే అది కూడా పోతుంది.

రెండు వైర్ల సెన్సార్: పి0118ను పట్టుకోవడం

కూలెంట్ సెన్సార్, గాలి వేడి చూసే సెన్సార్ రెండు వైర్లవి. లోపల ఉండేది వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, మూడు వేల ఓమ్‌లు, ఇంజిన్ బాగా వేడెక్కాక రెండు మూడు వందల ఓమ్‌లు ఉంటుంది. ఈసీయూ ఒక వైరు మీద 5 వోల్టులు పంపి, సెన్సార్ దాన్ని ఎంత కిందికి లాగిందో చూసుకుంటుంది. రెండో వైరు ఎర్త్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పి0118 వచ్చింది. స్కానర్ లైవ్ డేటాలో (సెన్సార్లు ఆ క్షణంలో చెప్పే అంకెల పేజీ) కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోంది. మే నెలలో మిర్యాలగూడలో మైనస్ 40! ఈ అంకె కనబడిందంటే ఎక్కడో సర్క్యూట్ తెగినట్టే, ఎందుకంటే వైరు తెగితే సిగ్నల్ 5 వోల్టుల దగ్గరే నిలిచిపోతుంది, కంప్యూటర్‌కు అది విపరీతమైన చలిలా కనిపిస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే ఆశ్చర్యపోకండి, వేడి ఎంతో తెలియనప్పుడు కంప్యూటర్ చాలా బండ్లలో ముందుజాగ్రత్తగా ఫ్యాన్ వేసేస్తుంది. కప్లర్ పీకినప్పుడు కూడా అది ఉన్నట్టుండి తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఇంజిన్ ఆపి, సెన్సార్ కప్లర్ పీకి, మళ్లీ తాళం ఆన్ చేయండి. సెల్ఫ్ కొట్టొద్దు. జానెడు వైరుతో కప్లర్‌లోని రెండు పిన్నులను కలిపి స్క్రీన్ చూడండి. మైనస్ 40 నుంచి అంకె ఒక్కసారిగా 130, 140 దాకా ఎగబాకితే వైరింగ్, ఈసీయూ రెండూ బాగున్నట్టే. సెన్సార్ మార్చండి, పని అయిపోతుంది. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉందంటే కొత్త సెన్సార్ వేసినా దండగే, తప్పు వైరులోనో కప్లర్‌లోనో ఉంది. ఈ కలిపే పరీక్ష రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్లకే. మూడు వైర్లవాటికి చేస్తే 5 వోల్టుల లైను ఎర్త్‌కు షార్ట్ అవుతుంది.

ఏ వైరు తెగిందో తేల్చడానికి మీటర్ నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో కప్లర్‌లోని పిన్నులను ఒక్కొక్కటిగా తాకండి. ఒకదాని మీద 5 వోల్టులు వచ్చిందంటే సిగ్నల్ వైరు బాగుంది. ఇప్పుడు నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నుంచి తీసి కప్లర్‌లోని రెండో పిన్నుకు పెట్టండి. 5 వోల్టులు అలాగే ఉంటే ఎర్త్ కూడా బాగుంది. మాయమైతే, లేదా అంకె నిలవకుండా ఊగితే, ఎర్త్ వైరు తెగింది. ఆ వైరును చేత్తో తడుముతూ వెనక్కి పోండి. ఇంజిన్ మీద క్లిప్పు వదిలి బ్రాకెట్‌కు రాసుకునే చోట, టేప్ చుట్టిన పాత జాయింట్ దగ్గర, ఎలుక కొరికిన చోట దొరుకుతుంది. కొన్నిసార్లు పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పచ్చగా పొడైపోయి ఉంటుంది. మెల్లగా లాగితే అక్కడ రబ్బరులా సాగుతుంది.

జాయింట్‌ను వట్టి టేప్‌తో వదిలేయకండి. సోల్డర్ చేసి లేదా క్రింప్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ ఎక్కించాలి. మన ఎండకు టేప్ జిగురు కారిపోయి ఏడాదిలో ఊడొస్తుంది.

మూడు వైర్లవి

మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి చూసేది), థ్రాటిల్ సెన్సార్ (గాలి మూత ఎంత తెరిచిందో చూసేది), డీజిల్ బండ్లలో రైల్ ప్రెషర్ సెన్సార్ (డీజిల్ ఒత్తిడి చూసేది) లాంటివాటికి 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్ ఉంటాయి. కప్లర్ పీకకుండా, వెనక నుంచి గుండు పిన్ను సన్నగా దూర్చి చూడాలి. వైరు తోలు మీద పొడవకండి, ఆ రంధ్రం నుంచి నీళ్లు పోయి ఆరు నెలల్లో కొత్త తప్పు మొదలవుతుంది. సప్లై 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ ఎర్త్ పిన్నుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య 0.1 వోల్టు దాటకూడదు. ఈ రెండూ బాగుండి సిగ్నల్ కదలకపోతే అప్పుడు సెన్సార్‌ను అనుమానించండి.

5 వోల్టులే లేకపోతే ఈసీయూ పోయిందని కంగారు పడకండి. చాలా బండ్లలో ఒకే 5 వోల్టుల లైను రెండు మూడు సెన్సార్లకు పోతుంది, ఒకటి లోపల షార్టయితే అన్నీ పడిపోతాయి. మీటర్ పెట్టి ఉంచి ఆ సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటే పీకండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొస్తే దొంగ అదే.

సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

ఎండాకాలంలో జడ్చర్ల దాటాక, హైవే మీద బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట చల్లారాక ఏమీ కానట్టు స్టార్ట్ అవుతుంది. ఇలాంటిదానికి నా మొదటి అనుమానం ఇంజిన్ తిరగడాన్ని చూసే క్రాంక్ సెన్సార్ మీదే. కోడ్ ఉంటే సాధారణంగా పి0335 వస్తుంది. ఆగిపోయి, స్టార్ట్ కానప్పుడే స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్పీఎం చూడండి. రెండు మూడు వందలు చూపిస్తే క్రాంక్ సిగ్నల్ వస్తోంది, డీజిల్ లేదా పెట్రోల్ సప్లై దిక్కు చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నా సున్నా దగ్గరే ఉంటే సెన్సార్‌దో, దాని వైరుదో తప్పు. చల్లారాక షెడ్డులో ఎంత చూసినా అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరకదు.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. రాగి తీగ చుట్టారంటే ఈసారి వైరింగే కాలుతుంది. వేసిన వెంటనే మళ్లీ పోతే ఆ లైనులో షార్ట్ ఉందని అర్థం. రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీద అనుమానముంటే పక్కనే ఉన్న అదే నంబరు రిలేతో, హారన్‌ది లాంటిది, మార్చి చూడండి.

వచ్చిపోయే లూజ్ కాంటాక్ట్

ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, లైవ్ డేటాలో అనుమానమున్న సెన్సార్ గ్రాఫ్ తెరిచి, బెల్టుకు, ఫ్యాన్‌కు దూరంగా వైరింగ్‌ను కొంచెం కొంచెంగా ఊపుతూ పోండి. ఏ చోట ఊపితే గ్రాఫ్ ఎగిరిపడుతుందో అక్కడ విప్పి చూడాలి. వైరు తెగిందా లేదా అని తేల్చడానికి మీటర్ కూత (వైరు రెండు కొసలకు ప్రోబ్‌లు పెడితే వచ్చే బీప్) మీద ఆధారపడొద్దు. ఇరవై పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటర్ కూస్తుంది, బండికి మాత్రం ఆ ఒక్క పోగు చాలదు. కరెంట్ పారుతుండగా వైరు రెండు కొసల మధ్య వోల్టేజీ ఎంత పడుతుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పని అయ్యాక

కోడ్ చెరిపి, లైట్ ఆరిందని అక్కడితో వదిలేయకండి. కొన్ని తప్పులు వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైట్ వెలుగుతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను పొద్దున స్టార్ట్ చేసి, నల్గొండ నుంచి నార్కట్‌పల్లి దాకా పోయి రండి. మరుసటి రోజు ఇంకోసారి అలాగే. తర్వాత స్కానర్‌లో ‘పెండింగ్ కోడ్స్’ పేజీ తెరవండి. అది ఖాళీగా ఉంటే పని అయినట్టు. అదే కోడ్ పెండింగ్‌లో కనబడితే రాసి పెట్టుకున్న రీడింగులు తీసుకుని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోండి. ‘సిగ్నల్ మీద 5 వోల్టులు ఉంది, ఎర్త్ లేదు’ అని చెబితే ఆయన సెన్సార్ పెట్టె తెరవకుండా నేరుగా ఆ వైరు దగ్గరే మొదలుపెడతాడు.