నేపాల్‌లో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టర్లు మొదలవుతాయి. వెనక మంచుకొండలు, ముందు నవ్వుతున్న పిల్లలు, "రెండు వారాలు అనాథ పిల్లలకు ఇంగ్లిష్ నేర్పండి, సర్టిఫికెట్ ఇస్తాం" అని ఒక లైను, కింద ఫీజు ఎంతో. పోయిన వేసవిలో మా బంధువులమ్మాయి, ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది, అలాగే ఫీజు కట్టి ఖాట్మండులో ఒక పిల్లల హోమ్‌కు వెళ్లింది. వెళ్లిన వారంలోనే ఏడేళ్ల పిల్లాడొకడు ఆమె ఫోన్ పట్టుకుని, "దీదీ, మా అమ్మకి ఒక్కసారి చెయ్యవా" అన్నాడట. నంబరు వాడికి నోటికొచ్చు, గడగడా చెప్పేశాడట. ఆమె వెళ్లి నిర్వాహకులను అడిగింది. మర్నాటి నుంచి ఆ పిల్లాణ్ణి ఆమె క్లాసులో కూర్చోనివ్వలేదు. "పిన్నీ, వాడికి అమ్మ ఉంది, హుమ్లాలో ఉంది" అని (హుమ్లా నేపాల్‌లో ఒక మారుమూల కొండ జిల్లా) నాతో చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు పూడుకుపోయింది. ఇప్పుడు అదే హోమ్‌కు వెళ్తామని ఆమె జూనియర్లు బయల్దేరుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

స్వెటర్లు తీసుకెళ్లండి, నీళ్లు కాచి తాగండి లాంటివి మీ అమ్మానాన్నలు చెబుతారు. నేను చెప్పేది వేరు.

అసలు పొరపాటు

అనాథలని చెప్పిన పిల్లలు నిజంగా అనాథలేనా అని అడక్కుండా డబ్బు కట్టడం. మంచి మనసుతో వెళ్లినవాళ్లు చేసే తప్పు ఇదే. దీనివల్ల నష్టపోయేది మీరు కాదు, ఆ పిల్లలు.

నేపాల్‌లో పిల్లల హోముల్లో ఉన్నవాళ్లలో చాలామందికి తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ బతికే ఉన్నారు. ఇదెలా మొదలైందో తెలుసుకోండి. 1996 నుంచి 2006 దాకా అక్కడ మావోయిస్టుల యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో అప్పట్లో రోడ్డు లేదు, బడి సరిగా నడిచేది కాదు. పైగా పిల్లల్ని ఉద్యమంలోకి లాక్కుపోతారేమోనని భయం. దళారులు ఊళ్లకు వచ్చి, "మీ వాణ్ణి ఖాట్మండులో బోర్డింగ్ స్కూల్లో చేర్పిస్తాం" అని చెప్పి తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని తీసుకెళ్లారు. పట్నం చేరాక కాగితాల మీద ఆ తల్లిదండ్రులు చనిపోయారు. యుద్ధం ముగిసినా ఈ వ్యాపారం ఆగలేదు. ఎందుకంటే అప్పటికి విదేశీ వాలంటీర్ల డబ్బు రుచి తెలిసింది. హోములు ఎక్కడున్నాయో గమనించండి: ఖాట్మండు లోయ, పోఖరా, చిత్వన్. పేదరికం ఎక్కువున్న చోట కాదు, టూరిస్టులు ఎక్కువున్న చోట.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. వదిలేసిన పిల్లలంటూ చూపిస్తున్న కాగితాలను నమ్మలేమని అమెరికా 2010లో నేపాల్ నుంచి అలాంటి దత్తతలను ఆపేసింది. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత, సాయం పేరుతో పిల్లల్ని తరలించుకుపోతారన్న భయంతో నేపాల్ ప్రభుత్వం అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆంక్షలు పెట్టింది. 2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికా నుంచి వెళ్లిన పదిమంది 33 మంది పిల్లల్ని సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలున్నారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా, అనాథాశ్రమాల్లో వాలంటీర్ యాత్రలు పిల్లలకు హాని చేస్తున్నాయని తీర్మానంలోనే రాసింది.

మీరు కట్టే ఫీజే ఆ పిల్లాడి ఇంటి దారికి వేసిన గొళ్లెం. వాడు అక్కడ ఉంటేనే మీలాంటివాళ్లు వస్తారు, మీరు వస్తేనే డబ్బు వస్తుంది.

డబ్బు కట్టే ముందు

ఫోన్ చేసి నిర్వాహకులను సూటిగా అడగండి. ఈ పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులున్నారు? దశైఁ పండక్కి ఎంతమంది ఇంటికి వెళ్తారు? (మనకు దసరా ఎలాగో వాళ్లకు దశైఁ అంతకంటే పెద్దది. ఇల్లున్న పిల్లాడు ఆ పండక్కి ఇంటికి వెళ్లలేదంటే ఎవరో వెళ్లనివ్వలేదన్నమాట.) పిల్లల్ని మళ్లీ కుటుంబాలతో కలపడానికి మీరేం చేస్తున్నారు? స్థానిక పాలికలో (మన పంచాయతీ, మున్సిపాలిటీ లాంటిది) రిజిస్ట్రేషన్ ఉందా, ఉంటే కాగితం పంపండి. నేపాల్ 2018 బాలల చట్టం ప్రకారం పిల్లల్ని సంస్థలో ఉంచడం వేరే దారేదీ లేనప్పుడే. ఆ సంగతి తెలిసిన నిర్వాహకులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. "వచ్చాక మీరే చూస్తారుగా" అన్నారంటే ఫోన్ పెట్టేయండి.

ఈ ప్రశ్నలు పెద్దవాళ్లను అడగాలి. పిల్లల్ని ఎప్పుడూ అడగొద్దు. అడిగితే దెబ్బలు తినేది వాళ్లు.

మీ గురించి వాళ్లు ఏమీ అడక్కపోయినా అనుమానించండి. బ్రిటన్‌కు చెందిన ఒకతను ఇంగ్లిష్ టీచర్నని, సేవ చేస్తానని చెప్పుకుని మలేషియాలో పేద కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, చిన్నపిల్లల మీద ఘోరాలు చేశాడు. 2016లో లండన్ కోర్టు అతనికి 22 యావజ్జీవ శిక్షలు వేసింది. పోలీస్ క్లియరెన్స్ (నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే కాగితం) అడగకుండా, ఫీజు కట్టిన ఎవరినైనా పిల్లల మధ్యకు పంపే చోటు మీలాంటి మంచివాళ్లకే కాదు, అలాంటివాళ్లకూ తలుపులు తెరిచే ఉంచుతుంది.

మరి వెళ్లొద్దా అంటే, తప్పకుండా వెళ్లండి. హోమ్‌కు కాదు, బడికి వెళ్లండి. పొద్దున ఇంటి నుంచి వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే పిల్లలున్న ఊరి ప్రభుత్వ బడికి. అక్కడ మాష్టారు ఉంటారు, ఆయన కింద పనిచేయండి. ఆయన కుర్చీలో కూర్చోకండి. జీతమిచ్చి టీచర్ను పెట్టుకోవాల్సిన చోట ఉచితంగా మీరు దొరికితే ఆ ఊరి నిరుద్యోగికి రావాల్సిన ఉద్యోగం పోతుంది. లెక్కలు, సైన్సు ప్రయోగాలు, కంప్యూటర్ లాంటివి మాష్టారికి నేర్పితే మీరు వెళ్లిపోయాక కూడా అవి అక్కడే ఉంటాయి. రెండు వారాలకు ఇది కుదరదు. కనీసం రెండు నెలలు ఉండగలిగితేనే మాట్లాడండి. లేదంటే మీ టికెట్ డబ్బు ఆ బడికి పుస్తకాల కోసం పంపండి, అదీ సేవే.

ప్రయాణం

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపిస్తే కాలేజీ పిల్లల్ని విమానం ఎక్కనివ్వరు. అమెరికా పాస్‌పోర్టున్న మన పిల్లలకు మాత్రం వీసా కావాలి, టూరిస్టు వీసా మీద వాలంటీర్ పని చేయకూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పాస్‌పోర్టున్న మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) అక్కడ పనికిరాదు. కాలేజీ అడ్మిషన్ల కోసం సేవా గంటలు కావాలని పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చూసుకోండి.

గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలీలో సరిహద్దు దాటి, రాత్రి బస్సెక్కేవాళ్లు చాలామంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా అలా ఎక్కకండి. నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మధ్య రోడ్డు ఒకవైపు కొండ, ఒకవైపు త్రిశూలి నది. 2024 జులై 12 తెల్లవారుజామున సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులను నదిలోకి తోసేసింది. ప్రయాణికుల్లో మనదేశం వాళ్లూ ఉన్నారు. పగటి బస్సే ఎక్కండి. వాన దంచుతుంటే నారాయణ్‌ఘాట్‌లోనే ఆగిపోండి, ఒక రోజు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు. వానాకాలంలో చాలా బళ్లకు సెలవులుంటాయి కూడా. తారీఖులు బడి వాళ్లనే అడగండి, ఏజెంటును కాదు.

అక్కడికి చేరాక

పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండొద్దు. తలుపు తెరిచే ఉండాలి, ఇంకో పెద్దవాళ్లు కనబడుతూ ఉండాలి.

ఏ పిల్లనీ మీ హోటల్‌కో, సినిమాకో, షికారుకో తీసుకెళ్లొద్దు. నిర్వాహకులు "తీసుకెళ్లండి, పర్లేదు" అంటే అసలు భయపడాల్సింది అప్పుడే.

ఫోటోలు పెట్టొద్దు. మొహం కనబడేవి ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వద్దు, స్టేటస్‌లోనూ వద్దు. ఊరి పేరు, బడి పేరు కలిపి అసలే వద్దు.

"మళ్లీ వస్తాను" అనొద్దు. రాలేరు. వాళ్లు ఎదురుచూస్తారు.

నగదు ఇవ్వొద్దు. ఒక పిల్లాడికి ఇచ్చి పదిమందిని చిన్నబుచ్చొద్దు.

కొత్త బ్యాగులు, బూట్లు హోముల్లో పంచొద్దు. వాలంటీర్లు వెళ్లాక అవి బజారుకు వెళ్లిపోవడం, పిల్లలు మళ్లీ చిరుగుల్లో కనబడటం మా బంధువులమ్మాయి కళ్లారా చూసింది. వచ్చేవాళ్లకు జాలి కలగాలంటే పిల్లలు అలాగే ఉండాలి మరి.

హిందీ వాళ్లకు అర్థమవుతుంది కదాని హిందీలో పాఠం చెప్పొద్దు. నేపాలీ నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. లిపి దేవనాగరే, హిందీ చదివినవాళ్లకు వారం పట్టదు.

దెబ్బల గుర్తులు చూసినా, పిల్లలు ఆకలితో ఉన్నా, అమ్మ దగ్గరకు పోతానని ఏడ్చినా అక్కడ గొడవ పెట్టుకోవద్దు. తారీఖు, టైము, చూసింది చూసినట్టు రాసుకోండి. హోమ్ బయటికి వచ్చి 1098కు ఫోన్ చేయండి, మనకు లాగే నేపాల్‌లోనూ పిల్లల హెల్ప్‌లైన్ అదే నంబరు. తప్పిపోయిన పిల్లల గురించైతే 104. పోలీసులకు 100.

పిల్లాణ్ణి మీరే ఇంటికి చేరుస్తానని బయల్దేరొద్దు. ఎంత జాలేసినా సరే. అది మీ మీదే అపహరణ కేసవుతుంది, పిల్లాడు ఇంకా లోతుకు పోతాడు.

ఇంటికొచ్చాక ఆ హోమ్‌కు నెలనెలా డబ్బు పంపొద్దు. వ్యక్తి ఖాతాకు అసలు పంపొద్దు.

పోస్టర్ ఫార్వర్డ్ చేసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగారా లేదా చూసుకోండి. ఈ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడున్నారు? జవాబు రాకపోతే డబ్బు కట్టొద్దు. ఇప్పటికే కట్టేసుంటే ఆ డబ్బు పోతే పోనివ్వండి, వెళ్లొద్దు.