చౌడు పొలంలోని ఉప్పును ఎలా కడగాలి, ఎక్కడికి పంపాలి

భీమునిపట్నం నుంచి పాయకరావుపేట దాకా తీరం వెంబడి, గోస్తనీ, శారద, వరాహ, తాండవ నదులు సముద్రానికి చేరువయ్యే పల్లపు భూముల్లో, వేసవి ముదిరేసరికి నేల మీద తెల్లని పొర తేలడం రైతులందరికీ తెలిసిన విషయమే. ఆ పొరను చూసి చాలామంది వెంటనే జిప్సం బస్తాల కోసం వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఉప్పు కుళ్లదు, ఆవిరైపోదు, ఏ మందు చల్లినా మాయమవదు. నీటితో పాటు ఒక చోటు నుంచి మరో చోటికి కదలడం ఒక్కటే దానికి తెలుసు. కనుక పొలంలోని ఉప్పు ఏ దారిన బయటికి పోవాలో, చివరికి ఎక్కడ చేరాలో ముందుగా నిర్ణయించుకోని రైతు ఎంత ఖర్చు పెట్టినా, ఆ ఖర్చు రెండో వేసవికే వృథా అవుతుంది.

ఉప్పు ఎటు నుంచి వస్తోందో కనిపెట్టడంతో పని మొదలుపెట్టాలి. తీరానికి దగ్గరలో బోర్లు అతిగా తోడినప్పుడు మంచినీటి మట్టం తగ్గి సముద్రపు నీరు భూమి లోపలి నుంచి చొచ్చుకొస్తుంది. భూగర్భ జలం నేల ఉపరితలానికి మీటరున్నర, రెండు మీటర్ల లోపే ఉన్న చోట, వేసవి ఎండకు ఆ నీరు సన్నని మట్టి రంధ్రాల గుండా పైకి పాకి, తాను ఆవిరై ఉప్పును మిగిల్చిపోతుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే దాని గట్టు కింద నుంచి ఊట వస్తుంది. ఇవేవీ లేకపోయినా సాగునీరే ఉప్పును మోసుకొస్తుంది. విద్యుత్ వాహకత, అంటే ఈ.సి., మీటరుకు 2 డెసీసైమన్లు ఉన్న బోరు నీటిలో లీటరుకు సుమారు 1.3 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని ఎకరానికి 5 సెంటీమీటర్ల మందాన ఒక్క తడి పెడితే రెండు లక్షల లీటర్లు పారుతుంది. అంటే ఆ ఒక్క తడితోనే 250 కిలోలకు పైగా ఉప్పు పొలంలో దిగుతుంది. మొక్క నీటిని తీసుకుంటుంది, ఉప్పును చాలావరకు నేలలోనే వదిలేస్తుంది. అందువల్ల మట్టి పరీక్షతో పాటు బోరు నీటి పరీక్ష కూడా చేయించడం తప్పనిసరి.

మట్టి నమూనాను వానలు పడ్డాక కాక, ఏప్రిల్, మే నెలల్లో, లవణాలు పైకి వచ్చి ఉన్నప్పుడు తీయాలి. మామూలు భూసార పరీక్షకు పై 15 సెంటీమీటర్ల మట్టి సరిపోతుంది గాని చౌడు విషయంలో 15, 30, 60, 90 సెంటీమీటర్ల లోతుల వరకు పొరలవారీగా వేరువేరు సంచుల్లో తీయాలి. పైన తేలిన తెల్ల పొరను అందులో కలపకూడదు. పొలంలో బాగున్న చోటి మట్టిని, పాడైన చోటి మట్టిని కలిపి ఒకే నమూనాగా పంపితే వచ్చే ఫలితం ఆ రెండింటిలో దేనికీ చెందదు. నమూనాలను రైతు సేవా కేంద్రం ద్వారా పరీక్షశాలకు పంపవచ్చు. ఫలితాన్ని అర్థం చేసుకోవడంలో సందేహం ఉంటే, అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్తలను సంప్రదించడం మేలు.

ఫలితం వచ్చాక నేల ఏ రకమో తెలుస్తుంది. ఈ.సి. 4 కంటే ఎక్కువగా, పి.హెచ్. 8.5 కంటే తక్కువగా, వినిమయ సోడియం శాతం (మట్టి రేణువులకు అంటుకుని ఉన్న లవణ మూలకాల్లో సోడియం వాటా) 15 కంటే తక్కువగా ఉంటే అది పాల చౌడు, అంటే తెల్ల చౌడు. ఈ.సి. 4 కంటే తక్కువగా, పి.హెచ్. 8.5 కంటే ఎక్కువగా, సోడియం శాతం 15 కంటే ఎక్కువగా ఉంటే అది కారు చౌడు. ఈ.సి., సోడియం శాతం రెండూ హద్దు దాటితే రెండు గుణాలూ కలిసిన నేల అన్నమాట. పరీక్ష ఫలితం అందేలోపు ఇంటి దగ్గర ఒక చిన్న పని చేసి చూడవచ్చు: గాజు సీసాలో గుప్పెడు మట్టి వేసి, వాన నీరు పోసి, బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి నీరు తేరుకుంటే పాల చౌడు అయ్యే అవకాశం ఎక్కువ. నీరు ఇంకా బురదగానే ఉంటే సోడియం మట్టి రేణువులను విడదీసిందని, అది కారు చౌడు కావచ్చని అనుకోవాలి. ఇది సూచన మాత్రమే, పరీక్షకు బదులు కాదు.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమంటే, పాల చౌడుకు మంచినీరు, మురుగు పోయే దారి ఉంటే చాలు; జిప్సం అవసరం లేదు. కారు చౌడును మాత్రం జిప్సం వేయకుండా ఎంత కడిగినా నీరు లోపలికి దిగదు. పరీక్ష లేకుండా ఊరంతా ఒకే మోతాదులో జిప్సం చల్లడం డబ్బు దండగ అని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి పని మురుగు కాలువ. పొలం పల్లపు అంచున మీటరు నుంచి మీటరున్నర లోతుగా కాలువ తవ్వి, దాన్ని ఊరి మురుగు కాలువతో గాని ఉప్పుటేరుతో గాని కలపాలి. పక్కన రొయ్యల చెరువు ఉంటే, చెరువు గట్టుకు, పొలానికి మధ్య మరో కాలువ తవ్వి ఊటను అక్కడే పట్టి మళ్లించాలి. వ్యవసాయ భూమిని రొయ్యల చెరువుగా మార్చకూడదని 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, ఊట వల్ల నష్టపోతున్న రైతు దానిని తన ఖర్మ అనుకుని ఊరుకోనవసరం లేదు. ఉప్పుటేరులో కలిసే చోట తూముకు తలుపు పెట్టించడం మరువరాదు. పోటు సమయంలో తలుపు మూయాలి, పాటు సమయంలో తెరవాలి. తలుపు లేని కాలువ గుండా పొలంలోని నీరు బయటికి పోవడానికి బదులు సముద్రపు నీరే లోపలికి వస్తుంది. కాలువలు ఒక్క రైతు పొలంలో ఆగిపోయేవి కావు గనుక, ఈ పనిని వరుస పొలాల రైతులందరూ కలిసి చేయడమే సరైన పద్ధతి.

కాలువ సిద్ధమయ్యాక పొలాన్ని చదును చేసి, చిన్న మడులుగా విడదీసి, చుట్టూ 30 సెంటీమీటర్ల ఎత్తు గట్లు వేయాలి. చదును లేని మడిలో మెరక భాగం కడగబడదు, అక్కడే మళ్లీ తెల్లబారుతుంది. పై అడుగు లోతు మట్టిలోని లవణాల్లో సుమారు 80 శాతాన్ని దించడానికి ఒక అడుగు మందం మంచినీరు ఆ మట్టి గుండా దిగిపోవాలి. ఎకరాకు అది 12 లక్షల లీటర్లు. అంత నీటిని బోరు నుంచి తోడడం తీర ప్రాంతంలో ఆత్మహత్యా సదృశం, ఎందుకంటే తోడిన కొద్దీ సముద్రపు నీరు దగ్గరవుతుంది. ఈ పనికి జూన్ నుంచి నవంబరు దాకా మన ప్రాంతంలో కురిసే వానే ఆధారం. వేసవిలోనే లోతుగా దున్ని, గట్లు కట్టి ఉంచుకుంటే తొలి వానల నుంచి ప్రతి చుక్కా ఉప్పును కిందికి తోస్తుంది. నీటిని ఏకధాటిగా నిలపడం కంటే, నిలిపి, ఇంకనిచ్చి, కొన్ని రోజులు ఆగి మళ్లీ నిలపడం వల్ల తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు కడగబడుతుంది.

కారు చౌడులో జిప్సం మోతాదును పరీక్షశాల చెప్పాలి. పై 15 సెంటీమీటర్ల మట్టిలో ప్రతి వంద గ్రాములకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ (పరీక్షశాల ఫలితంలో వాడే కొలమానం) సోడియాన్ని తొలగించడానికి ఎకరాకు దాదాపు 780 కిలోల శుద్ధమైన జిప్సం కావాలన్నది లెక్క. శుద్ధత తగ్గిన కొద్దీ మోతాదు పెంచాలి. మెత్తని పొడిని సమంగా చల్లి, పై 10 సెంటీమీటర్ల మట్టిలో మాత్రమే కలియదున్ని, పది పదిహేను రోజులు నీరు నిలపాలి. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువులను అంటుకుంటుంది, విడుదలైన సోడియం సల్ఫేటు రూపంలో నీటిలో కరిగి కిందికి దిగుతుంది. ఆ నీరు కాలువలోకి పోతేనే పని పూర్తయినట్లు. తరువాత పచ్చిరొట్ట పైరు అయిన జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారి నీరు దిగే గుణం పెరుగుతుంది.

ఇక బయటికి వచ్చిన ఉప్పునీటిని ఏం చేయాలన్నది అసలైన ప్రశ్న. సాగునీటి చెరువులోకి, తాగునీటి బావి ఉన్న వైపుకు, దిగువ రైతు పొలంలోకి దానిని వదలడం అన్యాయం. అలా వదిలినవారు తమ బాధను పొరుగువారి మీదికి తోసినట్లే. తీరానికి దగ్గరి పొలాల్లో ఆ నీటిని వానాకాలంలో, ఏటిలో వరద నడుస్తున్నప్పుడు, పాటు సమయంలో ఉప్పుటేరులోకి వదలడం అన్నిటికంటే తక్కువ హాని కలిగించే మార్గం. వేసవిలో నీరు కదలని ఏటిలోకి వదిలితే అది అక్కడే చిక్కబడి చేపలకు, గట్టున ఉన్న పొలాలకు చేటు చేస్తుంది. సముద్రానికి దూరంగా, పద్మనాభం, ఆనందపురం వంటి మండలాల్లో బోరు నీటి వల్ల ఏర్పడిన చౌడుకు ఉప్పుటేరు అందుబాటులో ఉండదు. అక్కడ మురుగునీటి ఈ.సి.ని కొలిపించి, మరీ ఎక్కువ లేకపోతే సరుగుడు వంటి ఉప్పును ఓర్చుకునే చెట్లకు పారించవచ్చు. ఎక్కువగా ఉంటే, పొలానికి పల్లపు మూలలో అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచిన, లోతు తక్కువ ఉన్న గుంటలో ఎండనివ్వాలి. పట్టా లేని గుంట ఆ ఉప్పును తిరిగి భూగర్భ జలానికే చేరుస్తుంది.

నేల మీది తెల్ల పొరను పారతో గీకి తీయడం తాత్కాలిక ఉపశమనమే అయినా, చిన్న మడుల్లో, నారుమడి వేయబోయే ముందు అది పనికివస్తుంది. గీకిన మట్టిని గట్టు మీద పోస్తే తొలి వానకే పొలంలోకి తిరిగి వస్తుంది. గోతాల్లో నింపి ఆటుపోట్లు తాకే ఏటి పక్కకు తరలించాలి. దానిని పశువుల మేతలో గాని వంటలో గాని వాడకూడదు. అందులో సోడియం క్లోరైడు ఒక్కటే కాక సల్ఫేట్లు, కార్బొనేట్లు కూడా ఉంటాయి.

పంట ఎంపికలో వరి కొంత నయం, ఎందుకంటే నిలిచిన నీరే ఉప్పును కిందికి తోస్తుంది. అయినా మట్టి ఈ.సి. 3 దాటితే దాని దిగుబడి కూడా తగ్గడం మొదలవుతుంది. నెల దాటిన ముదురు నారును కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున నాటాలి, నాటే ముందు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. చెరకు 1.7 దగ్గరే నష్టపోవడం మొదలుపెడుతుంది. పైగా చౌడు నేలలో పెరిగిన చెరకు బెల్లం సరిగ్గా గట్టిపడదు, నిల్వ ఉండదు. బోదెల మీద విత్తే పంటల్లో ఉప్పు బోదె నడినెత్తిన చేరుతుంది కనుక విత్తనాన్ని పక్కవాలు మీద పెట్టాలి. డ్రిప్ పెట్టిన తోటల్లో తడి అంచున ఉప్పు పేరుకుని ఉంటుంది. చిన్న జల్లు పడగానే డ్రిప్ ఆపేస్తే ఆ ఉప్పు వేళ్ల దగ్గరికి జారుతుంది, అందువల్ల గట్టి వాన పడేదాకా డ్రిప్ నడుపుతూనే ఉండాలి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడడం మంచిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినట్లు మరో తుపాను వచ్చి సముద్రం పొలంలోకి ఎక్కితే, వ్యవధి చాలా తక్కువ ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంగుళం మందం నీరు ఎకరం మీద అలాగే ఎండితే మూడున్నర టన్నుల ఉప్పు మిగులుతుంది. కాబట్టి గట్లకు గండ్లు కొట్టి ఆ నీటిని వెంటనే, ఇంకకముందే బయటికి పంపాలి, తడి నేలను దున్నకూడదు. తరువాత గండ్లు పూడ్చి, మిగిలిన వానలను పొలంలో నిలపాలి. పరీక్షలో సోడియం శాతం పెరిగినట్లు తేలితేనే జిప్సం వేయాలి.

పొలం నడుమ రెండు మీటర్ల లోతుకు, కింది భాగంలో చిల్లులు పెట్టిన పి.వి.సి. గొట్టం ఒకటి దించి, పైన మూత పెట్టి ఉంచితే, అందులోకి కర్ర దించి భూగర్భ జల మట్టాన్ని నెలనెలా కొలుచుకోవచ్చు. వానాకాలం ముగిసిన తరువాత కూడా నీరు మీటరు లోపే ఉంటే మురుగు కాలువ పూడిపోయిందని అర్థం. వేసవి రాకముందే పూడిక తీయించాలి.