స్కూల్‌కి శాలరీ స్లిప్, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇచ్చేముందు ఈ పనులు చేయండి

ఫీజు కన్సెషన్ కోసం స్కూల్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన కావాల్సిన కాగితాల లిస్టు గబగబా ఒక పేపర్ మీద రాసిచ్చాడు. బయటికొచ్చి తిప్పి చూస్తే వెనకాల ఎవరిదో శాలరీ స్లిప్, పేరు, అకౌంట్ నంబరు, చేతికొచ్చే జీతం అన్నీ ఉన్నాయి. పాపం ఎవరో నాలాగే ఇచ్చుకున్న కాగితం, రఫ్ పేపర్ అయిపోయింది. వెనక్కెళ్ళి ఇచ్చేస్తే ఆయనకి అందులో తప్పేంటో కూడా అర్థం కాలేదు. దొంగల సంగతి సరే, మంచివాళ్ళ చేతిలో కూడా మన కాగితం ఇలాగే తిరుగుతుంది, అది గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.

ముందు ఒక ప్రశ్న అడగండి, "దీంతో మీరు ఏం చూసుకోవాలి?" అని. చాలాసార్లు వాళ్ళకి కావాల్సింది ఒకటే లైను, ఆదాయం ఎంత లేదా అడ్రస్ ఏంటి అని, కానీ ఫారంలో మాత్రం ఆరు నెలల స్టేట్‌మెంట్ అని రాసేసి ఉంటుంది. ఆదాయమే అయితే కంపెనీ ఇచ్చే లెటరో, ట్యాక్స్ రిటర్న్‌లో మొత్తం కనిపించే ఒక్క పేజీనో సరిపోతుందేమో కనుక్కోండి. మెయిల్‌లో అడిగితే జవాబు కూడా రాతలో ఉంటుంది. నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం బ్యాంక్ స్టేట్‌మెంటే, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఎవరికి అప్పున్నాం, ఎవరికి ప్రతి నెలా డబ్బు పంపుతున్నాం, మన ఇంటి గుట్టంతా అందులోనే ఉంటుంది.

ఇక వాళ్ళకి అక్కర్లేని వివరాలు కప్పేయడం. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల డబ్బా గీస్తే నంబరు పోయినట్టు కాదు, దుప్పటి కప్పినట్టు, కింద అక్షరాలు అలాగే ఉంటాయి. 2019 జనవరిలో అమెరికాలో, ఒకప్పుడు ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకి ఇచ్చిన పత్రంలో ఇదే జరిగింది, నల్లగా కప్పిన భాగాన్ని రిపోర్టర్లు కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే మొత్తం చదవగలిగారు. లాయర్లకే అలా అయితే మనమెంత. రిడాక్ట్ అనే టూల్, అంటే కింద అక్షరాల్ని కూడా తీసేసేది, ఉన్న సాఫ్ట్‌వేర్ వాడండి, మార్క్ చేసి వదిలేయకుండా అప్లై కొట్టి కొత్త ఫైల్‌గా సేవ్ చేయండి. ఆ టూల్ లేకపోతే నల్ల డబ్బా పెట్టి పేజీని ఫొటోగా మార్చి, ఆ ఫొటోనే మళ్ళీ పీడీఎఫ్ చేయండి. అయ్యాక టెస్ట్ చేయడం మర్చిపోవద్దు, ఫైల్ ఓపెన్ చేసి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, దాచిన నంబరు అక్కడ ప్రత్యక్షమైతే పని అవ్వనట్టే.

ఫోన్‌లో అయితే హైలైటర్ పెన్ను వాడొద్దు, అది పూర్తి నలుపు కాదు, బ్రైట్‌నెస్ పెంచితే కింద అంకెలు తేలతాయి. బ్లర్ కూడా నమ్మను, సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్నవి పది అంకెలేగా, మసకగా ఉన్నా పోల్చి చూసి పట్టేయొచ్చు. క్రాప్ సంగతి కూడా అంతే, పీడీఎఫ్‌లో క్రాప్ చేసిన భాగం మామూలుగా ఫైల్‌లోనే దాక్కుని ఉంటుంది. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కత్తిరించేసిన స్క్రీన్‌షాట్ ముక్క మళ్ళీ బయటికి తీయొచ్చని తేలింది, తర్వాత సరిచేశారనుకోండి. కాగితం మీదైతే మార్కర్‌తో కొట్టేసి ఊరుకోకండి, వెలుతురుకి పట్టుకుంటే కనిపిస్తుంది, కొట్టేసినదాన్ని జిరాక్స్ తీసి ఆ జిరాక్స్ ఇవ్వండి.

ఏం కప్పాలంటే, అకౌంట్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి, గుర్తింపు నంబర్లు, వాళ్ళకి పనికిరాని లావాదేవీలు, జాయింట్ అకౌంట్ అయితే రెండో మనిషి వివరాలు. క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ కూడా, ఎందుకంటే మనం కష్టపడి కప్పిన నంబరే అందులో ఉండొచ్చు. పేరు, తేదీ, బ్యాంక్ పేరు, వాళ్ళు అడిగిన మొత్తం మాత్రం వదిలేయండి, లేకపోతే తిప్పి పంపిస్తారు. కప్పేది నల్లగానే ఉండాలి, తెల్లగా తుడిపేస్తే దిద్దినట్టు అనుమానం వస్తుంది. కప్పానని మెయిల్‌లో ఒక ముక్క చెప్పేయండి. పేజీకి అడ్డంగా "ఫలానా స్కూల్ ఫీజు కన్సెషన్ కోసం మాత్రమే" అని తేదీతో రాయండి, మార్జిన్‌లో రాస్తే కత్తిరించేయొచ్చు కాబట్టి అక్షరాల మీదుగా వెళ్ళాలి.

ఫైల్ పేరు కూడా చూసుకోండి, బ్యాంకు నుంచి డౌన్‌లోడ్ చేసినప్పుడు ఒక్కోసారి అకౌంట్ నంబరే ఫైల్ పేరుగా వస్తుంది, లోపల అంతా కప్పి పైన బోర్డు పెట్టినట్టు ఉంటుంది.

పంపడానికి స్కూల్ పోర్టల్ ఉంటే అదే బెస్ట్. మెయిల్ అయితే పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పండి, అదే మెయిల్‌లో రాస్తే తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. పుట్టినతేదీ పాస్‌వర్డ్‌గా పెట్టకండి, మీ పిల్లల పుట్టినతేదీ స్కూల్‌లో అందరికీ తెలుసు. డ్రైవ్ లింక్ ఇస్తే లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనేది తీసేసి ఆ ఒక్క మెయిల్‌కే ఇవ్వండి, పని అయ్యాక ఆపేయండి. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో వద్దంటే వద్దు. "మీ డాక్యుమెంట్స్ మిస్ అయ్యాయి, మళ్ళీ పంపండి" అని మెయిల్ వస్తే దానికే రిప్లై కొట్టకుండా మీ దగ్గర ముందునుంచి ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి.

ఇచ్చాక ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు అని అడగడానికి మొహమాటపడొద్దు. 2024 డిసెంబర్‌లో పవర్‌స్కూల్ అనే స్కూల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో దొంగలు పడ్డారు, దొంగిలించిన ఒక లాగిన్‌తో లోపలికెళ్ళి విద్యార్థుల, టీచర్ల వివరాలు ఎత్తుకెళ్ళారు, అందులో స్కూల్ వదిలి చాలా ఏళ్ళైనవాళ్ళవి కూడా ఉన్నాయి. పని అయిపోయినా ఎవరూ చెరిపేయలేదు మరి.

చివర్లో మన దగ్గరున్న కాపీలు కూడా చూసుకోండి. నా ఫోన్‌లో వెతికితే ఏమీ కప్పని ఒరిజినల్ నాలుగు చోట్ల దొరికింది, గ్యాలరీలో, డౌన్‌లోడ్స్‌లో, సెంట్ మెయిల్‌లో, ఇంకోటి డిలీట్ చేశాననుకున్న ట్రాష్‌లో.