బొమ్మలు బాగున్నా కదలిక సహజంగా లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

చేత్తో గీసే యానిమేషన్‌లో విడిగా చూస్తే ప్రతి బొమ్మా చక్కగానే ఉంటుంది. వరసగా ప్లే చేస్తే మాత్రం ప్రాణం ఉండదు. అప్పుడు చాలామంది బొమ్మనే మళ్లీ దిద్దుతారు. కానీ తప్పు ఎక్కువసార్లు రెండు బొమ్మల మధ్య వదిలిన దూరంలో ఉంటుంది. రబ్బరు అందుకునే ముందు ఆ దూరాలు చూడండి.

సమస్య: కదలిక బిగుసుకుపోయినట్టు ఉంది

కారణం: ఇన్‌బిట్వీన్లన్నీ, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమలు చూపే కీ డ్రాయింగ్‌ల మధ్య వేసే బొమ్మలన్నీ, సమాన దూరాల్లో పడ్డాయి. బరువున్నదేదీ ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోదు.

పరిష్కారం: కీ డ్రాయింగ్ పక్కనే ఒక గీత గీసి, మధ్య బొమ్మలు ఎక్కడెక్కడ పడాలో అడ్డగీతలతో గుర్తు పెట్టుకోండి. చెయ్యి చాపడం లాంటి పనికి మొదట్లో, చివర్లో దగ్గరగా, నడుమ దూరంగా ఉండాలి. దీన్ని అన్నిటికీ వర్తించే సూత్రం అనుకోవద్దు. ఎగిరిపడే బంతికి పైన మాత్రమే దగ్గరగా ఉండాలి, నేలను తాకే ముందు దూరం అన్నిటికంటే ఎక్కువ ఉండాలి. అక్కడ కూడా దగ్గర దగ్గరగా వేస్తే బంతికి బరువే ఉండదు.

సమస్య: తల తిప్పితే ముఖం పక్కకు జరిగినట్టు ఉంది

కారణం: మధ్య బొమ్మ వంపు లేకుండా తిన్నని గీత మీద పడింది. తల, చేతులు, నడుము సాధారణంగా వంపులో కదులుతాయి.

పరిష్కారం: నడిమి బొమ్మలో, అంటే బ్రేక్‌డౌన్‌లో, గడ్డం కాస్త కిందికి దించండి. తర్వాత అన్ని బొమ్మల్లో ముక్కు కొన ఎక్కడుందో ఒకే కాగితం మీద చుక్కలు పెట్టండి. వంపులోంచి బయటికి వచ్చిన చుక్క ఏ బొమ్మదో, దిద్దాల్సింది అదే. నా దృష్టిలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

సమస్య: నడకలో మనిషి తేలుతున్నాడు, పాదం జారుతోంది

ఇవి రెండు వేర్వేరు తప్పులు. తేలడానికి కారణం నడుము ఎత్తు మారకపోవడం. మడమ నేలను తాకిన వెంటనే మోకాలు వంగి బరువు మోస్తుంది, శరీరం అన్నిటికంటే కిందికి దిగేది అప్పుడే. ఒక కాలు రెండోదాన్ని దాటాక, తర్వాతి అడుగు పడేలోపు శరీరం పైకి లేస్తుంది. ఈ రెండు బొమ్మలూ ముందే వేసి పెట్టుకోండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మామూలు నడకకు అడుగుకు 12 ఫ్రేములతో మొదలుపెట్టవచ్చు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచితే ఆరు బొమ్మలు చాలు.

పాదం జారడానికి కారణం వేరు. ఉన్నచోటే నడిచే సైకిల్‌లో, అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడే నడక బొమ్మల వరసలో, నేల మీదున్న పాదం ప్రతి బొమ్మలో ఒకే కొలతతో వెనక్కి వెళ్లాలి. స్కేలు పెట్టి కొలవండి, కంటి అంచనా సరిపోదు.

సమస్య: మనిషి ఆగగానే అన్నీ ఒకేసారి ఆగిపోతున్నాయి

జుట్టు, వదులు చొక్కా అంచు ఒంటి కంటే కొన్ని ఫ్రేములు ఆలస్యంగా ఆగాలి. శరీరం పని పూర్తయ్యాకే వాటిని విడిగా గీయండి.

సమస్య: బ్యాక్‌గ్రౌండ్ కదిలినప్పుడు బొమ్మ అదురుతోంది

బ్యాక్‌గ్రౌండ్ ఫ్రేముకోసారి, బొమ్మ రెండు ఫ్రేములకోసారి కదులుతున్నాయి. ఆ షాట్ వరకు ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ వేయాల్సిందే.