పాత విత్తనాలు పారేసే ముందు ఒక తడిగుడ్డ పరీక్ష

చలి తగ్గి మళ్లు సిద్ధం చేసే వేళకి, డబ్బా అడుగున నిరుటివీ అంతకు ముందటివీ విత్తనాల పొట్లాలు బయటపడతాయి. మొలుస్తాయో లేదో తెలియదు. ఓ ఏడాది అలాగే గుడ్డిగా చల్లేసి, మూడు వారాలు ఉత్త మట్టికి నీళ్లు పోశాను.

ఇప్పుడు నారు పోయడానికి ముందే చూసుకుంటున్నా. పొట్లానికి 10 గింజలు తీసి, తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డ మీద ఎడంగా పేర్చి, చాపలా చుట్టి జిప్ కవర్లో పెడతాను. లోపల పేరు, తేదీ రాసిన చీటీ. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. కవరు వెచ్చని చోట ఉండాలి, ఫ్రిజ్ పైన పెట్టినా చాలు. రోజూ ఒకసారి విప్పి గాలి తగలనివ్వాలి.

ముల్లంగి నాలుగైదు రోజుల్లోనే తెల్లటి ముక్కు బయటపెడుతుంది. టమాటాకి వారం, పది రోజులు. పదికి 8 మొలిస్తే మామూలుగా చల్లుకోవచ్చు, 5 అయితే రెట్టింపు చల్లాలి. రెండో మూడో అయితే కొత్తవి కొనుక్కోవడమే మేలు. మొలిచినవాటిని పారేయకుండా కుండీలో పెట్టేయండి. ఆలస్యం చేస్తే వేళ్లు గుడ్డ పోగుల్లోకి దూరి, లాగితే తెగిపోతాయి.

గుడ్డలోంచి నీళ్లు కారుతుంటే మాత్రం మంచి గింజ కూడా కుళ్లిపోతుంది, తప్పు విత్తనానిదే అనుకుంటాం. మిర్చి ఒక్కోసారి మూడు వారాలు తీసుకుంటుంది, తొందరపడి పారేయకండి.