మైనస్ 14 పవర్‌కి కంట్లో లెన్స్: ఏది ఎందుకు ఎంచుకున్నానంటే

మాది కావలి. నా పవర్‌కి లేజర్ చేస్తే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మరీ పల్చబడుతుంది, వద్దన్నారు నెల్లూరు డాక్టర్ గారు. మిగిలింది కంట్లో పెట్టే లెన్సే.

పాత రకం ఆర్టిసాన్ లెన్స్‌ని ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) ముందువైపు తగిలిస్తారు, గట్టి ప్లాస్టిక్, మడవడం కుదరదు, అందుకే కోత 5 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. ఐసీఎల్ అనే లెన్స్ మెత్తటిది, మడిచి 3 మిల్లీమీటర్ల కోతలోంచి ఐరిస్ వెనక, మన సొంత లెన్స్ ముందు పెడతారు. ఐసీఎల్‌లోనే ఈవో అనే మోడల్‌కి మధ్యలో 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, కంట్లో నీరు అందులోంచి పారుతుంది కాబట్టి ఐరిస్‌కి ముందుగా లేజర్‌తో చిల్లు పెట్టక్కర్లేదు. నన్ను ఒప్పించింది ఇదే. మన దేశంలో తయారయ్యే ఐపీసీఎల్ అనే లెన్స్‌నీ అదే చోట పెడతారు, ఒంగోలులో మా బాబాయి కూతురు అదే పెట్టించుకుంది, బాగానే ఉంది.

అసలు టెన్షన్ పడాల్సింది బ్రాండ్ గురించి కాదు, కొలతల గురించి. లెన్స్ సైజు పెద్దదైతే ఐరిస్‌ని ముందుకు నెట్టి కంటి ప్రెషర్ పెరగొచ్చు, చిన్నదైతే సొంత లెన్స్‌కి తగిలి శుక్లం రావచ్చు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కొలతలకు ముందు డాక్టర్ చెప్పినన్ని రోజులు తప్పకుండా ఆపేయండి.

ఇప్పుడు అద్దాలు లేకుండానే బస్సు బోర్డు చదువుతున్నాను. కానీ ఇంత మైనస్ పవర్‌కి కారణమైన కనుగుడ్డు పొడవు మారదు, రెటీనా (కంటి వెనక పొర) ఊడే ప్రమాదం అలాగే ఉంటుంది, కాబట్టి ఏటా రెటీనా పరీక్ష మానకండి, కళ్లలో మెరుపులు కనిపిస్తే ఆ రోజే వెళ్లండి.